రిలీఫ్ వాళ్ళు కట్టిన మండపం

సూర్యకుమారికి కోపం రాదని ఊళ్ళో తెలుగువాళ్ళందరి నమ్మకం. వస్తుంది. కాకపోతే కోపం వచ్చినప్పుడు ఆవిడ గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ సంగతి తెలిసినవాడు భర్త యజ్ఞనారాయణ ఒక్కడే. ఆవిడ మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టిందంటే ఆయన చదువుతున్న పేపరు మడిచి చంకలో పెట్టుకుని గరాజ్‌లోకి జారుకుంటాడు.

ఊరి పేరు చెప్పను. కెనడాలో గ్వెల్ఫ్‌కీ కేంబ్రిడ్జ్‌కీ నడుమ, నది ఒడ్డున ఉన్న ఓ చిన్న ఊరు అనుకోండి, చాలు. పేరు చెబితే అక్కడి మనవాళ్ళు వరసపెట్టి ఫోన్లు చేసి దులిపేస్తారు. జరిగింది అబద్ధమని కాదు, మన ఇంటి గొడవ వీధిలో పెట్టావని.

సూర్యకుమారి కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది, ఆడపిల్లలు ఆ కోర్సు వైపు తొంగి చూడని రోజుల్లో. ఎనభైల్లో పెళ్ళయి, గ్వెల్ఫ్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే యజ్ఞనారాయణతో ఈ దేశం వచ్చింది. ఇక్కడ ఆవిడ డిగ్రీని ఎవరూ పట్టించుకోలేదు. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నారు. అది ఉండాలంటే ముందు ఎవరో ఒకరు ఉద్యోగం ఇవ్వాలి కదా అంటే, మర్యాదగా నవ్వారు. తిరిగి తిరిగి, చివరికి ఈ ఊరి పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరింది. అంటే ఇంకొకరు గీసిన గీతల మీద పల్చటి కాగితం పరిచి మళ్ళీ అవే గీతలు గీయడం. వంతెనలు డిజైన్ చేయాల్సిన మనిషి చేత పలక మీద అక్షరాలు దిద్దించినట్టు ఉండేది.

ఒకరోజు సూపర్‌వైజర్, ఆవిణ్ణి కాసేపు వదిలించుకోవడానికే కాబోలు, పార్కులో ఉన్న పాత పెవిలియన్‌కి డ్రాయింగులు లేవు, వెళ్ళి కొలుచుకు రమ్మన్నాడు. టేపు పట్టుకుని వెళ్ళింది. నదిలోంచి ఏరిన రాళ్ళతో మూడు వైపులా గోడలు, నాలుగో వైపు నదికేసి తెరుచుకుని ఉంటుంది. లోపల ఈ చివరా ఆ చివరా మనిషెత్తు రాతి పొయ్యిలు. చూడగానే ఆవిడ నోటికి వచ్చిన మాట "మండపం". ఇప్పటికీ ఆ ఊరి తెలుగువాళ్ళకి అది మండపమే.

రోజూ కర్ర పట్టుకుని అటు నడిచే వాల్టర్ అనే ముసలాయన ఆవిడ కొలతలు తీస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. "ఆ కింద వరస నేనూ మా నాన్నా పెట్టిందే" అన్నాడు. ఇక ఆపలేదు. ముప్పైల్లో మాంద్యం వచ్చి మిల్లులు మూతపడ్డాయట. పని పోయినవాళ్ళకి ప్రభుత్వం రిలీఫ్ పేరుతో సాయం ఇస్తానంది. ఊరికే తిండి పెడితే సోమరులైపోతారని ఊరి పెద్దలు పని పెట్టారు. పగలల్లా నదిలో రాళ్ళు ఏరి మోస్తే, కిరాణా కొట్టుకి ఒక చీటీ రాసిచ్చేవాళ్ళు. డబ్బు చేతికిస్తే తాగేస్తారని ఇచ్చేవాళ్ళు కాదు. అలా రాళ్ళు మోసినవాళ్ళలో బడిపంతులు ఉన్నాడు, పియానోలు బాగుచేసేవాడు ఉన్నాడు. వాల్టర్ తండ్రి బట్టల మిల్లులో డిజైన్లు గీసేవాడు.

"జనం వంతెన మీద నిలబడి మమ్మల్ని చూసేవాళ్ళు. రిలీఫ్ వాళ్ళు, రిలీఫ్ వాళ్ళు అని చూపించేవాళ్ళు. అందుకే అంత బాగా కట్టాం. అంత బాగా కట్టమని ఎవరూ అడగలేదు" అన్నాడు వాల్టర్. పని పూర్తయ్యాక అందరి పేర్లూ చెక్కిస్తామన్నారట. చెక్కించింది మేయర్ పేరొక్కటే. వాల్టర్ తండ్రి దాన్ని చూసి, మళ్ళీ ఆ పార్కులో అడుగు పెట్టలేదు.

డిజైన్లు గీసే మనిషి రాళ్ళు మోశాడన్న మాట దగ్గర సూర్యకుమారి టేపు చుట్టడం ఆపేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నాలాంటివాళ్ళు కట్టారండీ దాన్ని" అంది భర్తతో. ఆయనకేం అర్థమయిందో గానీ, కాఫీ మాత్రం తనే కలిపి ఇచ్చాడు.

ఆ తర్వాత ఆవిడ ఆఫీసులో ఒక్కో మెట్టూ ఎక్కి, డ్రాయింగుల విభాగం మొత్తం చూసుకునే స్థాయికి వచ్చి రిటైరైంది. ఏం కట్టించినా, ఏం చేసినా, నాది అని ఆవిడ అనుకున్నది మాత్రం ఆ మండపాన్నే. మనవాళ్ళ వనభోజనాలు అక్కడ మొదలుపెట్టిందీ ఆవిడే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చలికి భయపడి జూలైలోనే కార్తీక వనభోజనం కానిచ్చేస్తారు. అది పిక్నిక్ తప్ప కార్తీకం కాదని సూర్యకుమారి వాదన. ఈ ఊరివాళ్ళు మాత్రం నవంబర్‌లో, అసలైన కార్తీకమాసంలో, రెండు పొయ్యిల్లోనూ కట్టెలు మండించి, వీపులు వెచ్చటి రాళ్ళకి ఆనించి కూర్చుని పులిహోర తింటారు. ఉసిరి చెట్టు ఈ దేశంలో ఎక్కడిది? మిస్సిసాగాలో ఫ్రోజెన్ ఉసిరికాయలు కొని, దారం కట్టి, ఆకులు రాలిన మేపుల్ కొమ్మకి వేలాడదీస్తారు. "దిస్ ఈజ్ ద రాంగ్ ట్రీ, బామ్మా" అని పిల్లలు ఏటా పకపకా నవ్వుతారు. "దేవుడికి తెలుసులే, నువ్వు తిను" అంటుంది ఆవిడ.

ఇక కేశవరావు సంగతి. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ వెళ్ళి, అక్కడ ఉద్యోగం ఊడి, వీసా గడువు తరుముతుంటే, ఇక్కడ స్థిరపడడానికి పీఆర్ తెచ్చుకుని ఈ ఊళ్ళో దిగాడు. భార్యతో సహా ఒక చలికాలమంతా సూర్యకుమారి వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు. పక్కూరు కిచెనర్‌లో ఇంటర్వ్యూలకి మంచులో ఆవిడే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళింది. అతను లోపల జవాబులు చెబుతుంటే, బయట కారులో కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంది. ఇప్పుడతను అక్కడే ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మన అసోసియేషన్‌కి ప్రెసిడెంటు. వచ్చే మునిసిపల్ ఎలక్షన్లలో నిలబడతాడని కూడా ఓ మాట వినబడుతోంది.

సూర్యకుమారికి తోడబుట్టిన అన్నదమ్ములు లేరు. దీపావళి వెళ్ళాక వచ్చే భగినీహస్త భోజనం రోజున, అక్కచెల్లెళ్ళ చేతి వంట తినడానికి, ఏటా ఆవిడ ఇంటికి వచ్చేది కేశవరావే. ఎన్ని మీటింగులున్నా మానడు. ఆవిడ కంది పచ్చడి నూరి, గుమ్మడికాయ దప్పళం పెట్టి, కొసరి కొసరి వడ్డిస్తుంది. "అక్కయ్యా, చాలు" అని అతను చెయ్యి అడ్డుపెడితే, ఆ చేతిని పక్కకి నెట్టి మరీ నెయ్యి వేస్తుంది.

కిందటేడు ఆ భోజనం దగ్గరే ఆవిడ నోరు జారింది. అప్పటికి టౌన్ వాళ్ళు పార్కుకి కొత్త ప్లాన్ బయటపెట్టారు. పాత పెవిలియన్ కూల్చేసి, ఆ స్థలంలో వంటగదీ హీటింగూ ఉన్న కమ్యూనిటీ హాల్ కడతారట. సూర్యకుమారి వెంటనే మండపానికి హెరిటేజ్ గుర్తింపు ఇవ్వమని అప్లై చేసింది. గుర్తింపు వస్తే ఇక దాని మీద ఎవరూ చెయ్యి వేయలేరు. రాకపోతే మండపం ఉండదు. మధ్యేమార్గం లేదు.

"ఉత్తరపు మూల కాస్త కుంగింది కేశవా" అంది, పెరుగు వడ్డిస్తూ. "వాన నీళ్ళు అటు పోతున్నాయి. కాలువ దారి మళ్ళించి, పునాది కింద కాస్త పని చేసి, రాళ్ళ మధ్య దర్జులు సున్నంతో నింపితే ఇంకో వందేళ్ళకి ఢోకా లేదు. గుర్తింపు వచ్చాక రిపేర్లకి నేనే రాసిస్తా. ఈలోగా ఎవరి దగ్గరా అనకు. ఇప్పుడు తెలిస్తే కూల్చడానికి వాళ్ళకో సాకు దొరుకుతుంది."

"నా నోట రాదు అక్కయ్యా" అన్నాడు కేశవరావు, చెయ్యి నాక్కుంటూ.

ఈ ఏడాది వసంతంలో కౌన్సిల్ మీటింగు తేదీ వచ్చింది. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. జనం ఎంతమంది వస్తే అంత బరువు. ఆవిడ కేశవరావుకి ఫోన్ చేసింది. "మనవాళ్ళ సంగతి నాకొదిలేయండి అక్కయ్యా, హాలు నింపేస్తాను" అన్నాడు. "ముందు నేను మాట్లాడతా. మీరు చివర్లో మాట్లాడండి. పెద్దవాళ్ళ మాట చివర వస్తేనే బాగుంటుంది."

యజ్ఞనారాయణ ఆ సంభాషణ విని, "ఎందుకైనా మంచిది, నువ్వూ నాలుగిళ్ళకి ఫోన్ చేయరాదూ?" అన్నాడు.

"ప్రెసిడెంటు వాడుండగా నేను ఇల్లిల్లూ ఫోన్ చేస్తే, వాడి మీద నమ్మకం లేనట్టు కాదూ? బాగోదు."

మనవాళ్ళని ముంచిన మాటల్లో ఈ "బాగోదు"కే పెద్దపీట వెయ్యాలి. అడగాల్సింది అడగం, బాగోదు. చెప్పాల్సింది చెప్పం, బాగోదు. పక్కింటికి ఫోన్ చేయాలన్నా ప్రెసిడెంటుగారి మొహం చూస్తాం. సూర్యకుమారి ఆ వారమంతా తన ప్రసంగం దిద్దుకుంటూ, అద్దం ముందు చదువుకుంటూ గడిపింది. ఒక్కరికి కూడా ఫోన్ చేయలేదు.

మీటింగు రోజు సాయంత్రం ఆవిడ వెళ్ళేసరికి కౌన్సిల్ హాల్లో వెనక వరసలన్నీ మనవాళ్ళే. ఆడవాళ్ళు పట్టుచీరలు, మగవాళ్ళు కొందరు కండువాలు. పిల్లల్ని కూడా తెచ్చారు. ఇన్నేళ్ళుగా పిలిస్తే ఒకరొచ్చి ఒకరు రాని మనుషులు, ఒక రాతి కట్టడం కోసం ఇలా తరలివచ్చారంటే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశారా?" అంది భర్త వైపు తిరిగి. ఆయన ఒప్పుకున్నట్టు తలూపాడు.

పక్క కుర్చీలో వైదేహి వచ్చి కూర్చుంది. కొత్తగా పెళ్ళయి, కిందటేడే ఈ ఊరొచ్చిన పిల్ల. ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ కోసమే వచ్చాం ఆంటీ. మా ఆయన డ్యూటీ కూడా మార్చుకున్నారు" అంది. సూర్యకుమారి ఆ చెయ్యి వదలలేదు.

కేశవరావు పేరు పిలిచారు. సూట్ వేసుకుని, మైక్ ముందు నిలబడి, చక్కటి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మా ఆచారంలో వనభోజనం అని ఒకటుంది అన్నాడు. చెట్టుకింద, కుటుంబాలన్నీ కలిసి తింటాం, ఈ పెవిలియన్ ఎన్నో ఏళ్ళు మాకు నీడ ఇచ్చింది అన్నాడు. సూర్యకుమారి మురిసిపోయింది. అయితే నవంబర్ చలిలో మా చంటిపిల్లలు వణుకుతారు అన్నాడు. పొగకి ఆస్తమా ఉన్నవాళ్ళు రావడం మానేశారు, వీల్‌చెయిర్‌లో ఉన్న పెద్దలు ఆ మెట్లు ఎక్కలేరు అన్నాడు. ఆవిడకింకా అర్థం కాలేదు. ముందు కష్టాలు చెప్పి తర్వాత మలుపు తిప్పుతాడనుకుంది.

"అన్నిటికంటే ముఖ్యం భద్రత" అన్నాడు కేశవరావు. "మాలో అందరికంటే పెద్దావిడ, ఈ ఊరి పబ్లిక్ వర్క్స్‌లో జీవితమంతా పనిచేసిన ఇంజనీరు, మాకు అక్కలాంటి శ్రీమతి సూర్యకుమారి ఇక్కడే ఉన్నారు. ఉత్తరపు మూల పునాది కుంగిందని కిందటేడు ఆవిడే స్వయంగా నాతో చెప్పారు." ఆవిడ వైపు తిరిగి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. మనవాళ్ళ మొహాల్లో గర్వం. "మా సమాజం కొత్త హాలుని మనస్ఫూర్తిగా కోరుకుంటోంది. ఒప్పుకునేవాళ్ళు దయచేసి లేచి నిలబడండి."

పట్టుచీరలు గరగరలాడాయి. అన్ని వరసలూ లేచాయి. వైదేహి లేచి, వంగి, ఆవిడ మోకాళ్ళ నొప్పుల సంగతి తెలిసిన పిల్ల కాబట్టి మోచేతి కింద చెయ్యి వేసి, "లేవండి ఆంటీ, నేను పట్టుకుంటా" అంది.

సూర్యకుమారి లేవలేదు. ఇంతమందీ తన మనుషులే, ఇందులో ఒక్కరు కూడా తన వైపు లేరు. కేశవుడు తన ఇంట్లో తిని, తన చేత వడ్డింపించుకుని, ఆ నోటితోనే! కుంగిందన్నది చెప్పాడు. బాగుచేయొచ్చన్నది మింగేశాడు.

చివరికి ఆవిడ పేరు పిలిచారు. మైక్ దగ్గరికి వెళ్ళి, వారమంతా దిద్దుకున్న ప్రసంగం చదివింది. రిలీఫ్ వాళ్ళ గురించి చెప్పింది, వాల్టర్ గురించి చెప్పింది. గొంతు సన్నబడిపోయి మైక్ దగ్గరికి జరగమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అయ్యాక ఒక కౌన్సిలర్, కళ్ళజోడు పైకి తోసుకుని, మర్యాదగానే అడిగింది. "పునాది కుంగిన మాట నిజమేనా, మేడమ్?"

"నిజమే. కానీ బాగుచేయొచ్చు. సులువుగా చేయొచ్చు."

"మీకు కిందటేడే తెలుసు. మీ అప్లికేషన్‌లో ఎందుకు చెప్పలేదు?"

చెప్పడానికి ఆవిడ దగ్గర కారణం ఉంది. ఆ గదిలో పైకి చెబితే అది కారణంలా వినబడదు, దాపరికంలా వినబడుతుంది. జీవితంలో ఒక్క గీత తప్పు గియ్యలేదని పేరున్న మనిషి, పనిచేసిన ఊరి కౌన్సిల్ ముందు తల వంచుకుని నిలబడింది. "చెప్పాల్సింది" అంది. ఆ తర్వాత ఓటింగు ఎంతోసేపు పట్టలేదు. హెరిటేజ్ గుర్తింపు ఇవ్వలేదు. వేసవి చివర్లో కూల్చివేత మొదలుపెట్టమన్నారు.

బయట వరండాలోకి కేశవరావు గబగబా వచ్చాడు. "అక్కయ్యా, కోపం వచ్చిందా? నేను ఒక్క ముక్క అబద్ధం ఆడలేదు."

"ఆడలేదు" అంది సూర్యకుమారి, వినీ వినబడకుండా. "నా చేతి అన్నం తింటూ విన్న మాట అది, కేశవా."

"పిల్లల కోసం అక్కయ్యా. ఎన్నాళ్ళు ఆ చలిలో కూర్చోబెడతాం?"

"ఆ ముక్క మా ఇంటికొచ్చి నాతో చెప్పాల్సింది. పోట్లాడుకునేవాళ్ళం. నువ్వే గెలిచేవాడివేమో."

"చెబితే మీరు ఒప్పుకునేవాళ్ళు కాదు కదా" అన్నాడతను. ఆ మాట అంత తేలిగ్గా అన్నందుకే ఆవిడకి ఇంకా ఏదో మూల మిగిలి ఉన్న ఆశ కూడా పోయింది. "శంకుస్థాపన మాత్రం మీ చేతుల మీదుగానే. కౌన్సిల్ వాళ్ళతో మాట్లాడేశా" అని, ఎవరో ఫోటోకి పిలిస్తే అటు వెళ్ళిపోయాడు.

యజ్ఞనారాయణ కారు తెస్తానని పార్కింగు వైపు నడిచాడు. ఆవిడ గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. వైదేహి గుంపులోంచి విడివడి వచ్చి, ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"ఆంటీ, కొత్త హాలు మీ కల అని చెప్పారు కేశవరావు అంకుల్. ఇంటింటికీ ఫోన్ చేశారు. సూర్యకుమారి అక్కయ్య పట్టుదల, మనమందరం వెళ్ళి నిలబడాలి అన్నారు. అందుకే మేమంతా..."

"తెలుసమ్మా. నీ తప్పేం లేదు."

"మీరు అక్కడ మాట్లాడేదాకా నాకు తెలియదు ఆంటీ. నిజంగా తెలియదు. నేను మిమ్మల్ని కూడా లేవమన్నాను." కళ్ళ నిండా నీళ్ళతో, పట్టుచీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ, కాస్త కోపంగానే అడిగింది. "మీరు నాకొక్క ఫోన్ ఎందుకు చేయలేదు ఆంటీ? ఒక్క మాట చెప్పి ఉంటే, నేను లేచేదాన్ని కాదు కదా!"

సూర్యకుమారి నోరు తెరిచింది. కేశవుణ్ణి దాటి చేస్తే బాగోదనుకున్నానమ్మా అనబోయింది. ఆ పిల్ల మొహం చూశాక, ఆ మాట నోట రాలేదు.